తెలుగు సీరియళ్లను, బ్లాగులను ఈపబ్‌గా కట్టే పనిముట్టు: సలహాలు కావాలి, తోడు కావాలి

పుటలపురుగు (గుంటూరు):

అందరికీ నమస్కారం. కొన్నాళ్లుగా ఆఫీసు అయ్యాక సాయంత్రాలూ, ఆదివారాలూ కూర్చుని పైథాన్‌లో ఒక పనిముట్టు రాస్తున్నాను. పేరు ‘దొంతర’. వెబ్ పత్రికలో నెలకో భాగం చొప్పున వచ్చిన సీరియల్ గానీ, ఒక బ్లాగులో ఏళ్ల తరబడి పడిన కథలు గానీ తెచ్చి, మెనూలూ ప్రకటనలూ పక్కపట్టీలూ తీసేసి, వరసగా పేర్చి ఒక ఈపబ్, అంటే ఫోన్లోనో ఈ-రీడర్లోనో చదువుకునే డిజిటల్ పుస్తకంగా కడుతుంది.

ఎందుకంటే, గత పాతికేళ్లలో తెలుగులో వచ్చిన మంచి రచన ఎంతో అచ్చులోకి రాకుండా వెబ్‌లోనే ఉండిపోయింది. ఈమాట వెబ్ పత్రిక 1998 నుంచి వస్తోంది. కూడలి, జల్లెడ, హారం లాంటి సంకలినులు (అన్ని బ్లాగుల కొత్త టపాలనూ ఒకచోట చూపే సైట్లు) నడిచిన రోజుల్లో రోజూ ఎన్ని కొత్త టపాలు కనిపించేవో అప్పుడు చదివినవాళ్లకు గుర్తుండే ఉంటుంది. ఆ బ్లాగుల్లో చాలావాటిని ఇప్పుడు తెరిస్తే పేజీ రాదు. ఇంకోవైపు, 2016 చివర్లో అమెజాన్ కిండిల్‌లోకి హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం పుస్తకాలు తెచ్చినప్పుడు ఆ జాబితాలో తెలుగు లేదు. ఈ-ఇంక్ తెర మీద తెలుగు చదవాలంటే మన పుస్తకం మనమే కట్టుకోవాల్సిన పరిస్థితి.

ప్రస్తుతం రెండు ముక్కలున్నాయి. ఒకటి, తెచ్చి శుభ్రం చేసి పుస్తకం కట్టే స్క్రిప్టు. ఇది బాగానే నడుస్తోంది. రెండోది, బ్రౌజర్‌లో నడిచే రీడర్. ఇది సగంలో ఉంది. అడగాలనుకున్నవి ఇవి: రీడర్ కొనసాగించడం దండగా? కొన్ని పరికరాల్లో వత్తులు విడిపోయి కనిపిస్తున్నాయి, ఎందుకు? ఒక సైటు నుంచి పేజీలు తేవడంలో హద్దు ఎక్కడ? లైసెన్సు ఏది పెట్టమంటారు?

కోడు అంతా బయట పెడతాను. ముందు మీ మాట వినాలని ఆగాను.


ఓరుగల్లు_కోడర్:

అన్నా, పని మంచిగున్నది. రీడర్ మాత్రం పక్కకు పెట్టుండ్రి. కేఓరీడర్ ఉన్నది. కిండిల్, కోబో, పాకెట్‌బుక్, ఆండ్రాయిడ్ అన్నిట్ల నడుస్తది, లువాల రాసిన్రు, కోడంత తెరిచే ఉన్నది. కంప్యూటర్ల చదవాల్నంటే ఫోలియేట్ ఉన్నది, థోరియం ఉన్నది. ఇంకోటి కొత్తగ రాస్తే బుక్‌మార్కులు, రాత్రి రంగులు, పేజీ తిప్పుడు, గివే మళ్ల రాసుకుంట కూసోవాలె. తెలుగుకు ప్రత్యేకంగ కావల్సింది ఆ ఇంకో సగంల ఉన్నది, తెచ్చి శుభ్రం చేసే దాంట్ల.

ఈ-పుస్తకాలు సర్దుకునే సాఫ్ట్‌వేర్ కాలిబర్ ఉన్నది గద, దాని రెసిపీలు చూసిన్రా? కోవిద్ గోయల్ 2006ల సోనీ రీడర్ కోసం మొదలువెట్టిన ప్రాజెక్టు అది. అండ్ల ‘న్యూస్ తెచ్చే రెసిపీ’ అంటే చిన్న పైథాన్ క్లాసు. ఫీడ్ల (సైటుల కొత్త టపాల పట్టీల) జాబితా, ఉంచాల్సిన ట్యాగులు, తీసెయ్యాల్సిన ట్యాగులు, ఇంతే రాస్తే మిగిలిన పనంత కాలిబరే చేస్తది. రోజుపత్రిక అసొంటివాటికి అది సాలు. సీరియల్‌కు సాలది, ఎందుకంటే ఫీడుల కొత్త భాగాలే ఉంటయి, పాతయి ఉండయి. అక్కడ మీ దొంతర పనికొస్తది.

ఇంకో ముచ్చట. హెచ్‌టీఎంఎల్ పీకే ముందు పక్కదారి ఉన్నదేమో చూడుండ్రి. బ్లాగ్‌స్పాట్ బ్లాగైతే చిరునామా చివర ‘ఫీడ్స్, పోస్ట్స్, డిఫాల్ట్’ అని పెట్టి, ఏ టపా నుంచి ఎన్ని కావాల్నో అడగొచ్చు. యజమాని పూర్తి ఫీడు తెరిచి ఉంచితే మొత్తం పాఠం తేదీలతోటి సహా వస్తది. వర్డ్‌ప్రెస్ అయితే రెస్ట్ ఏపీఐ (ప్రోగ్రాము నేరుగ టపాలు అడిగే దారి) ఉన్నది, ఒక్కసారికి 100 టపాల దాక ఇస్తది, మొత్తం ఎన్ని పేజీలో హెడర్ల చెప్తది. తెలుగు బ్లాగులు మస్తుగ ఈ రెండిట్లనే ఉన్నయి. హెచ్‌టీఎంఎల్ల నుంచి పాఠం ఏరే బ్యూటిఫుల్‌సూప్ వాటికి అక్కరనే లేదు. జావాస్క్రిప్ట్‌తోటి నింపే సైటైతే ప్లేరైట్ (బ్రౌజర్‌ను కోడుతోటి నడిపేది) తెరిచే ముందు బ్రౌజర్ల నెట్‌వర్క్ ట్యాబు చూడుండ్రి. సగం సార్లు వెనుక నుంచి శుభ్రమైన జేసన్ డేటా వస్తనే ఉంటది.


వత్తులక్క (విశాఖ):

పుటలపురుగు గారూ, వత్తుల సంగతి నేను చెప్తాను.

తెలుగు అక్షరం తెర మీద సరిగ్గా పడాలంటే ఫాంటు ఒక్కటే చాలదు. ఫాంటులోని ఓపెన్‌టైప్ నియమాలు చదివి ఏ వత్తు ఎక్కడ చేరాలో తేల్చే షేపింగ్ ఇంజన్ కావాలి. ఎక్కువ చోట్ల ఆ పని చేసేది హార్ఫ్‌బజ్. అది లేకుండా, అక్షరం బొమ్మను గీసే ఫ్రీటైప్ ఒక్కటే వాడే రీడర్లో ‘స్త్రీ’ అన్న మాట స, పొల్లు, త, పొల్లు అంటూ ముక్కలుగా కనిపిస్తుంది. మీ ఫైలులో తప్పేమీ లేకపోయినా అంతే. కేఓరీడర్ వాడే సీఆర్ ఇంజన్‌లో హార్ఫ్‌బజ్ ఉంది కనుక అక్కడ బాగుంటుంది. అందుకే నేనూ ఓరుగల్లు తమ్ముడి మాటే అంటాను, రీడర్ రాయొద్దు.

కానీ పుస్తకం కట్టేటప్పుడు మీ చేతిలో ఉన్నవి కొన్ని ఉన్నాయి. పరికరంలో తెలుగు ఫాంటు ఉంటుందని నమ్మకండి, పుస్తకంలోనే పెట్టండి. నోటో సెరిఫ్ తెలుగు, మండలి, రామభద్ర, ఇవన్నీ ఓపెన్ ఫాంట్ లైసెన్సులో ఉన్నవే. పాఠానికి మండలి గానీ నోటో గానీ బాగుంటాయి, రామభద్ర శీర్షికలకు. పుస్తకం వివరాలుండే ప్యాకేజీ ఫైలులోనూ, ప్రతి పేజీలోనూ భాష తెలుగు అని ప్రకటించండి. చాలామంది ఆ భాష గడిలో ‘ఇంగ్లీషు’ అని వదిలేస్తారు. అప్పుడు పదాల విరుపు దగ్గర నుంచి గట్టిగా చదివే గొంతు దాకా అన్నీ దారి తప్పుతాయి.

వరసల మధ్య ఎడం ఇంగ్లీషు పుస్తకానికి సరిపోయేంత పెడితే పై వరస వత్తులు కింది వరస గుడుల మీద పడతాయి. 1.6 కంటే తగ్గించకండి. అక్షరాల మధ్య ఎడం అసలు ముట్టుకోకండి, కొన్ని ఇంజన్లు దానితో సంయుక్తాక్షరాన్నే విడగొడతాయి. అధ్యాయం మొదటి అక్షరాన్ని పెద్దది చేసే అలంకారం కూడా తీసేయండి. ‘జ్ఞానం’తో మొదలైన పేరాలో జ్ ఒక్కటే పెద్దదై మిగతాది కింద మిగిలిపోవడం చూశాను. ఇక ఇటాలిక్. తెలుగు ఫాంటుల్లో దాదాపుగా అది ఉండదు, రీడర్ బలవంతంగా వంచుతుంది, చూడ్డానికి బాధగా ఉంటుంది. మూలంలో వాలుగా ఉన్నదాన్ని వేరే రంగుతోనో, కొంచెం ముద్దగానో చూపించేలా శైలి ఫైలులో రాసుకోండి.


గోదారిగట్టు (రాజమహేంద్రవరం):

నేను కోడు రాసే మనిషిని కాదు. 2008 నుంచి బ్లాగు రాస్తున్నదాన్ని. ఈ చర్చ చూసి రాయకుండా ఉండలేకపోయాను.

నా కథలు కొన్నిటిని ఎవరో పీడీఎఫ్ చేసి వాట్సాప్ గుంపుల్లో తిప్పారు. నా పేరు లేదు, బ్లాగు లంకె లేదు. ఒకావిడ నాకే పంపి ‘చదవండి, చాలా బాగుంది’ అన్నారు. ఇలాంటి పనిముట్లు వస్తున్నాయంటే నాకు సంతోషమూ ఉంది, గుబులూ ఉంది. సంతోషం ఎందుకంటే, నా బ్లాగే రేపు పోతే నా దగ్గరే మరో ప్రతి లేదు.

చట్టం సంగతి నాకు తెలిసింది చెప్తాను, మా ఇంట్లో వకీలు ఉన్నారు. మన 1957 కాపీరైట్ చట్టం ప్రకారం రచయిత బతికున్నంత కాలమూ, ఆ తర్వాత 60 ఏళ్లూ హక్కు ఉంటుంది. ఆ 60 ఏళ్లను, పోయిన ఏడాదికి మరుసటి జనవరి నుంచి లెక్కపెడతారు. 1965లో కన్నుమూసిన రచయిత రచనల మీద హక్కు 2025 డిసెంబరు 31 దాకా అన్నమాట. అనువాదమైతే అనువాదకుడికి వేరే హక్కు ఉంటుంది, అది మర్చిపోకండి. బ్లాగులో ఉచితంగా పెట్టినంత మాత్రాన రచయిత హక్కు వదులుకున్నట్టు కాదు. సొంతంగా చదువుకోవడానికి వాడుకోవడాన్ని 52వ సెక్షన్ ఒప్పుకుంటుంది. కట్టిన పుస్తకాన్ని నలుగురికీ పంచడం వేరే సంగతి.

నేను అడిగేది ఒక్కటే. మీ పనిముట్టు కట్టే ప్రతి పుస్తకంలో రచయిత పేరు, ప్రతి అధ్యాయం చివర మూలం లంకె, మొదట ప్రచురించిన తేదీ తప్పకుండా ఉండాలి. దాన్ని ఆపేసే మీట ఉండకూడదు.


పుటలపురుగు:

గోదారిగట్టు అక్కా, మీరు చెప్పింది ఇవాళే పెట్టేశాను. రచయిత పేరు దొరక్కపోతే దొంతర పుస్తకం కట్టదు, ఆగి పేరు అడుగుతుంది. మూలం లంకె, తేదీ ప్రతి అధ్యాయం చివరా వస్తాయి. తీసేసే సెట్టింగు లేదు, రాయను. కోడు తెరిచి ఉంటుంది కనుక ఎవరైనా మార్చుకోగలరు. కానీ మా దగ్గర నుంచి దింపుకున్నదాంట్లో మాత్రం మీ పేరు ఉండి తీరుతుంది.

వత్తులక్క గారూ, భాష ప్రకటన ప్యాకేజీ ఫైలులో ఉంది గానీ పేజీల్లో లేదు. సరిచేస్తున్నాను.

పేజీలు తేవడంలో వేగం సంగతి ఇంకా ఎవరూ చెప్పలేదు.


సున్నా_ఒకటి (హైదరాబాదు):

అది నాకు వదిలేయండి. పదేళ్లకు పైగా సర్వర్లు చూసుకోవడమే నా ఉద్యోగం. స్క్రేపర్లను, అంటే సైటు పేజీలను లాగే ప్రోగ్రాములను, అవతలి వైపు నుంచి చూసినవాణ్ని.

తెలుగు వెబ్ పత్రికల్లో చాలావాటిని ఒకరిద్దరు సొంత డబ్బుతో, చిన్న షేర్డ్ హోస్టింగ్ మీద నడుపుతారు. ఒకేసారి ఇరవై కనెక్షన్లు తెరిచి పాత సంచికలన్నీ లాగితే ఆ సైటు ఆ పూటకి మిగతా పాఠకులెవరికీ తెరుచుకోదు. హోస్టింగువాడు ఆపేసినా ఆపేస్తాడు. కాబట్టి ఒక్క కనెక్షన్ చాలు. పేజీకీ పేజీకీ మధ్య కొన్ని సెకన్లు ఆగండి. సీరియల్ ఒక్క నిమిషంలో రావాల్సిన అవసరం ఏముంది, రాత్రి పెట్టి పడుకుంటే పొద్దున్నకి ఉంటుంది.

ప్రోగ్రాములు ఎక్కడికి రాకూడదో సైటు చెప్పే రోబోట్స్ ఫైలు చదవండి. 1994 నుంచి మర్యాదగా పాటిస్తూ వచ్చిన పద్ధతి అది, 2022లో ఆర్‌ఎఫ్‌సీ 9309గా ప్రమాణమైంది. వద్దన్న దారిలోకి వెళ్లొద్దు. సర్వర్ 429 అని చెప్పిందంటే ఎక్కువ అడుగుతున్నావని అర్థం. ‘ఎంతసేపటి తర్వాత’ అన్న హెడర్ కూడా పంపితే అంతసేపూ ఆగాలి. అడుగుతున్నది ఎవరో సర్వర్‌కు చెప్పే యూజర్ ఏజెంట్‌లో క్రోమ్ అని అబద్ధం పెట్టకండి. దొంతర అని, ప్రాజెక్టు పేజీ చిరునామా పెట్టండి. సైటు యజమానికి ఇబ్బందైతే మిమ్మల్ని అడగడానికి ఒక దారి ఉండాలి. రెండోసారి తెచ్చేటప్పుడు, మొదటిసారి పేజీతో వచ్చిన ఈట్యాగ్ (ఆ ప్రతికి సర్వర్ ఇచ్చిన గుర్తు) పంపండి. పేజీ మారకపోతే 304 వస్తుంది, పాఠం మళ్లీ పంపనక్కర్లేదు, ఇద్దరికీ ఖర్చు తగ్గుతుంది.

వీటన్నిటికన్నా ముఖ్యమైనది, తేవడాన్నీ శుభ్రం చేయడాన్నీ విడగొట్టండి. వచ్చిన పేజీని వచ్చినట్టే డిస్కు మీద దాచండి. శుభ్రం చేసే కోడు ఆ దాచినదాని మీదే నడవాలి. వడ్లు గాదెలో ఉంటే ఎన్నిసార్లయినా దంచుకోవచ్చు. పార్సర్‌లో ఒక చిన్న మార్పు చేసిన ప్రతిసారీ సైటు మొత్తం మళ్లీ లాగే స్క్రిప్టులే సర్వర్లను ఎక్కువ బాధపెడతాయి. దాచడం వల్ల ఇంకో లాభం ఉంది. ఆ సైటు రేపు మూతపడినా అసలు పేజీ మీ దగ్గర ఉంటుంది. ఓపిక ఉంటే వార్క్ రూపంలో దాచండి, వెబ్‌ను భద్రపరిచే గ్రంథాలయాలు వాడే ప్రామాణిక రూపం అదే. ముందుగా పాత వెబ్ పేజీల ప్రతులు దాచే వేబ్యాక్ మెషీన్‌లో ఆ పేజీ ఉందో లేదో కూడా చూడండి. చనిపోయిన బ్లాగుల్లో కొన్ని అక్కడ బతికే ఉన్నాయి.


ప్లానో_పాఠకుడు (టెక్సస్):

అన్ని లిపులకూ ఒకే సంకేతాల పట్టిక అయిన యూనికోడ్‌కు ముందు కాలం గురించి ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేను ఎత్తుతున్నాను.

రెండువేల తొలి ఏళ్లలో తెలుగు పేపర్లు నెట్‌లో వేటి ఫాంటు అవే వాడేవి. ఈనాడుకు ఒక ఫాంటు, వార్తకు ఇంకొకటి. అమెరికాలో మేం ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ తెరిచి చదివేవాళ్లం. ఫైర్‌ఫాక్స్‌లో ‘పద్మ’ అనే పొడిగింపు ఉండేది, పేజీని అక్కడికక్కడే యూనికోడ్‌లోకి మార్చేది. ఇప్పుడు ఆ కాలపు పేజీని స్క్రేప్ చేస్తే మీకు వచ్చేది ఇంగ్లీషు అక్షరాల, గుర్తుల గందరగోళం. నిజానికి అది గందరగోళం కాదు, దానికొక క్రమం ఉంది.

ఆ ఫాంటుల్లో అక్షరం కళ్లకు కనిపించే వరసలో ఉంటుంది, పలికే వరసలో కాదు. ‘స్త్రీ’ అంటే ముందు ‘సీ’ ఆకారం, తర్వాత త వత్తు, ర వత్తు. యూనికోడ్‌లో గుణింతం గుర్తు అన్నిటికీ చివర వస్తుంది. కాబట్టి పట్టిక పెట్టుకుని ఒక్కో గుర్తునూ మార్చేస్తే సరిపోదు. అచ్చును వత్తులు దాటించి వెనక్కి నెట్టాలి. కొన్ని ఫాంటుల్లో తలకట్టు కూడా వేరే ముక్క. అను ఫాంటుల్లో కూర్చిన పేజ్‌మేకర్ పుస్తకాల పీడీఎఫ్ నుంచి కాపీ చేసినప్పుడు వచ్చేదీ ఇలాంటిదే.

బొమ్మలుగా ఉన్న పేజీల్లోంచి అక్షరాలు గుర్తించడానికి టెసెరాక్ట్ ఉంది. 2018లో వచ్చిన 4వ వెర్షన్ నుంచి అది న్యూరల్ నెట్‌వర్క్ పద్ధతిలో గుర్తిస్తోంది, తెలుగు డేటా దొరుకుతుంది. శుభ్రమైన స్కాన్ మీద ఫలితం ఆశ పుట్టించేలా ఉంటుంది గానీ పాత అచ్చులో వత్తులు కలిసిపోయిన చోట మనిషి కన్ను పడక తప్పదు. ఆ పని చేసేచోటు తెలుగు వికీసోర్స్. అక్కడ ఒక పక్క స్కాన్, ఇంకో పక్క పాఠం పెట్టి దిద్దుతారు. పైగా వికీసోర్స్‌లో ఈపబ్ దింపుకునే సదుపాయం ఉంది. హక్కులు తీరిన పుస్తకాలను దొంతరలోకి తేవడానికి బదులు అక్కడ దిద్దండి, ఈపబ్ దానంతటదే వస్తుంది.

జెడ్‌డబ్ల్యూఎన్‌జే గురించి కూడా. పక్క అక్షరంతో కలవకుండా ఆపే ఆ కనిపించని అక్షరం పాఠంలో కుప్పలుగా ఉంటుంది. నేనైతే మొత్తం తీసిపారేస్తాను, వెతుకులాట సాఫీగా జరుగుతుంది.


వత్తులక్క:

అది మాత్రం చెయ్యకండి సార్! ‘సాఫ్ట్‌వేర్’లో ట్ తర్వాత ఆ కనిపించని అక్షరం ఉంది కాబట్టే ట్ పొల్లుగా నిలబడి వే విడిగా పడుతోంది. తీసేస్తే ట కింద వ వత్తు వచ్చి కూర్చుంటుంది. ‘ప్రేమ్‌చంద్’ కూడా అంతే. అది రచయిత కోరి పెట్టిన విరుపు.

చెయ్యాల్సిందేమిటంటే, చూపించే పాఠం ఒకటి, వెతకడానికి వాడే పాఠం ఇంకొకటి. చూపించేదాన్ని వీలైనంత తక్కువ ముట్టుకోవాలి. వెతికేదానిలో మాత్రం ఆ అక్షరం తీసేయొచ్చు. అరసున్న కూడా తీసేయొచ్చు. పాత పుస్తకంలో ‘వాఁడు’ అని ఉంటే ‘వాడు’ అని వెతికినవాళ్లకు దొరకాలి. ఱ ను ర గా, ౘ ను చ గా కలిపేయొచ్చు.

చూపించే పాఠానికి తప్పనిసరిగా చెయ్యాల్సింది ఎన్‌ఎఫ్‌సీ అనే యూనికోడ్ సవరింపు. ఐత్వాన్ని యూనికోడ్‌లో రెండు రకాలుగా రాయొచ్చు, ఒకే గుర్తుగా, లేదా ఎత్వం పక్కన కింది ముక్క చేర్చి. తెర మీద రెండూ ‘కై’ లాగే ఉంటాయి, కంప్యూటర్‌కు రెండు వేర్వేరు మాటలు. ఎన్‌ఎఫ్‌సీ రెంటినీ ఒకటి చేస్తుంది.

ఇక పాఠాన్ని ఎక్కడా కోడ్ పాయింట్లు (యూనికోడ్‌లోని ఒక్కో సంకేతం) లెక్కపెట్టి కోయకండి. ‘స్త్రీ’లో 6 కోడ్ పాయింట్లు, యూటీఎఫ్-8లో 18 బైట్లు, చదివేవాడికి ఒక్క అక్షరం. శీర్షికను ఇన్ని అక్షరాలకే కుదించాలి అని కోస్తే వేలాడే పొల్లు మిగులుతుంది. అక్షర సముదాయాలను బట్టి కోయాలి. అందులోనూ 2023లో వచ్చిన యూనికోడ్ 15.1 దాకా ‘స్త్రీ’ని మూడు ముక్కలుగానే లెక్కేసేవారు. వత్తులతో కలిపి ఒకటిగా చూడాలన్న నియమం అప్పుడే చేరింది. మీరు వాడే లైబ్రరీ దానికంటే పాతదైతే అది సాయం చెయ్యదు. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’కు మధ్యలో ఈ జెడ్‌డబ్ల్యూఎన్‌జే చేరిన ఒక్క తెలుగు అక్షరంతో ఐఫోన్లు ఆగిపోయాయి గుర్తుందా? యాపిల్ ఐఓఎస్ 11.2.6 విడుదలతో దాన్ని సరిచేసింది. అంత పెద్ద సంస్థ పరీక్షల్లోనూ తెలుగు అంతగా పడలేదని దాన్నిబట్టే తెలుస్తుంది. మన పరీక్షలు మనమే రాయాలి.


ప్లానో_పాఠకుడు:

ఒప్పుకుంటున్నాను అమ్మా. రెండు పాఠాల పద్ధతే సరైనది.


బీటెక్_మూడోఏడు (కర్నూలు):

అక్కా, అన్నలూ, నాకు పైథాన్ వచ్చు, గిట్ కొంచెం వచ్చు. ఇంతవరకు ఏ ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులోనూ చెయ్యి పెట్టలేదు. ఇందులో నేను చేయగలిగింది ఏదైనా ఉంటే చెప్పండి. అలాగే ఒక సందేహం, కేఓరీడర్‌లో మాట మీద వేలు పెడితే ఇంగ్లీషుకు అర్థం వస్తుంది గానీ తెలుగుకు రావడం లేదు.


ఓరుగల్లు_కోడర్:

తమ్మీ, రా. ముందు ఈపబ్‌ను విప్పి చూడు. అది జిప్ ఫైలే. పేరు మార్చి విప్పితే లోపల మొదట మైమ్‌టైప్ అని చిన్న ఫైలు ఉంటది, దాన్ని మాత్రం కుదించకుండ పెట్టాలె. తర్వాత కంటెయినర్ ఫైలు, అది ప్యాకేజీ ఫైలు ఎక్కడున్నదో చెప్తది. ప్యాకేజీ ఫైలుల ఏమేం ఉన్నయో ఒక జాబితా, ఏ వరసల చదవాల్నో ఇంకో జాబితా. పేజీలన్ని ఎక్స్‌హెచ్‌టీఎంఎల్. బ్లాగు టపాల మూయని ఒక్క ట్యాగున్నా కొన్ని రీడర్లల్ల ఆ అధ్యాయం తెరుసుకోదు. ఒక్క సాయంత్రం కూసుంటే సమజైతది. ప్రమాణం ఇప్పుడు డబ్ల్యూ3సీ దగ్గర ఉన్నది, 3.3 వెర్షన్ 2023ల వచ్చింది.

నీ మొదటి పని, దొంతర కట్టిన ప్రతి పుస్తకాన్ని, ఈపబ్‌ల తప్పులు పట్టే ఈపబ్‌చెక్ మీద నడిపి, వచ్చిన తప్పులను ఒక్కొక్కటి ఒక ఇష్యూగ రాసుడు. కోడు రాయకున్నా అది పెద్ద సాయం.

నిఘంటువు సంగతికొస్తే, కేఓరీడర్ స్టార్‌డిక్ట్ నిఘంటువులు చదువుతది. తెలుగుది పెట్టుకున్నా ‘పుస్తకాలలోంచి’ మీద వేలు పెడితే ఏం దొరుకుతది? నిఘంటువుల ఉన్నది ‘పుస్తకము’. విభక్తులు, బహువచనం ఒలిచి అసలు మాట పట్టుకునే చిన్న లైబ్రరీ కావాలె. నీ ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుకు అంతకన్న మంచిది నాకు కనవడుతలేదు.


సున్నా_ఒకటి:

లైసెన్సు గురించి ఒక మాట. కాలిబర్ జీపీఎల్ 3, కేఓరీడర్ ఏజీపీఎల్ 3. పైథాన్‌లో ఈపబ్ కట్టడానికి చాలామంది వాడే ఈబుక్‌లిబ్ కూడా ఏజీపీఎల్. వాటి కోడు తెచ్చుకుంటే మీదీ ఆ దారే పట్టాలి. దొంతరకు జీపీఎల్ పెట్టండి. శుభ్రం చేసే భాగాన్ని విడి లైబ్రరీగా తీసి దానికి ఎంఐటీ పెట్టండి, ఎవరి ప్రాజెక్టులోకైనా వెళ్లగలగాలి. ఈపబ్ కట్టడానికి పైథాన్‌తో వచ్చే జిప్‌ఫైల్ చాలు, వేరే లైబ్రరీ అక్కర్లేదు.


ప్లానో_పాఠకుడు:

వరస చివర విరుపు గురించి అడగాలి. చిన్న తెర మీద రెండు అంచులూ సమానంగా పెడితే మాటల మధ్య పెద్ద ఖాళీలు వస్తున్నాయి. తెలుగు మాటలు పొడుగు కదా, ‘చెప్పుకోవాల్సివచ్చినప్పుడల్లా’ లాంటిది ఒకటి పడితే పై వరసలో రెండే మాటలు మిగులుతున్నాయి.


వత్తులక్క:

పుస్తకాలు కూర్చే టెక్ (TeX) సాఫ్ట్‌వేర్ వాళ్ల దగ్గర తెలుగు విరుపు నమూనాలు ఉన్నాయి, సంతోష్ తొట్టింగల్ గారు మిగతా భారతీయ భాషలతో పాటు తెలుగుకూ రాశారు. మన లిపికి నియమం తేలికే. వత్తు ముందు విరవకూడదు, గుణింతం గుర్తు ముందు విరవకూడదు, మాట మొదట్లోనూ చివరా ఒంటి అక్షరం మిగలకూడదు. రీడర్లో తెలుగు విరుపు ఉంటే అది చూసుకుంటుంది, మీరు భాష ప్రకటిస్తే చాలు. లేకపోతే ఎడమ అంచుకు మాత్రమే సర్దండి.

మాటల మధ్యలో సాఫ్ట్ హైఫన్లు (వరస విరిగినప్పుడే కనిపించే గీతలు) దూర్చే స్క్రిప్టులు కొన్ని చూశాను, అవి వద్దు. వెతికితే మాట దొరకదు, కాపీ చేస్తే ఆ చెత్త కూడా వెంట వస్తుంది, ఆ తమ్ముడు రాయబోయే నిఘంటువు పనికీ అడ్డమే. పాఠంలో లేనిది పాఠంలో చేర్చకూడదు.


పుటలపురుగు:

అందరి మాటా విన్నాక చేయబోయేది చెప్తాను.

రీడర్ ఆపేస్తున్నాను. ఆ సమయం మొత్తం శుభ్రం చేసే లైబ్రరీకి. దానికి వేరే రిపో (కోడు ఉంచే చోటు) తెరుస్తున్నాను, ఎంఐటీ లైసెన్సుతో. ఎన్‌ఎఫ్‌సీ, వెతుకులాట పాఠం, అక్షరం తెగకుండా కోయడం, ఈ మూడూ మొదటి విడుదలలో ఉంటాయి. పాత ఫాంటుల నుంచి మార్పిడి ఆ తర్వాత. ప్లానో గారు, ఆ వరస మార్చే నియమాలు మీ దగ్గర ఏ రూపంలో ఉన్నా పంపండి. తేవడం, దాచడం, శుభ్రం చేయడం, కట్టడం నాలుగు విడి ఆజ్ఞలవుతాయి. పేజీల మధ్య విరామం అయిదు సెకన్లు. తగ్గించే సెట్టింగు లేదు, పెంచుకోవచ్చు. యూజర్ ఏజెంట్‌లో మా పేరే ఉంటుంది.

వత్తులక్క గారూ, పరీక్షలకు మాటల జాబితా మీరు ఇవ్వగలరా? ఇంతవరకు నేను రాసుకున్నవాటిలో స్త్రీ, జ్ఞానం, లక్ష్మి, రాష్ట్రం, సాఫ్ట్‌వేర్, వాఁడు ఉన్నాయి.


వత్తులక్క:

కార్త్స్న్యం, ఉచ్ఛ్వాసం, సామర్థ్యం చేర్చండి. మాట చివర పొల్లు నిలిచేవి కూడా కావాలి, మొబైల్, బస్. పాత అచ్చుల్లోని నకారపు పొల్లుకు 2021లో యూనికోడ్ 14 విడిగా చోటిచ్చింది, వికీసోర్స్ నుంచి వచ్చే పాఠాల్లో అది ఎదురుకావచ్చు. మామూలు ‘న్’తో వెతికినా దొరకాలి. మిగతా జాబితా ఈ వారాంతం ఇస్తాను.


గోదారిగట్టు:

అయితే మొదట నా బ్లాగు మీదే నడపండి. అనుమతి ఇస్తున్నట్టు ఇక్కడే రాస్తున్నాను. 2008 నుంచి ఉన్నవన్నీ తీసుకోండి, ఒక ప్రతి నాకివ్వండి. ‘కథలు’ అనే లేబుల్ ఉన్నవి మాత్రమే పుస్తకంలోకి రావాలి. ‘డైరీ’ లేబుల్ ఉన్నవి వద్దు, అందులో ఇంట్లోవాళ్ల సంగతులు ఉన్నాయి. వ్యాఖ్యలు కూడా వద్దు, అవి రాసినవాళ్లను నేను అడగలేదు కదా.


పుటలపురుగు:

అలాగే అక్కా. బ్లాగర్ ఫీడు చిరునామా చివర గీత పెట్టి లేబుల్ పేరు రాస్తే ఆ లేబుల్ టపాలే వస్తాయి, కాబట్టి డైరీ మా వైపు అసలు రాదు, రెండు లేబుళ్లూ ఉన్న టపాలు మాత్రం విడిగా వడగట్టాలి, అది ఇవాళ రాస్తాను. వ్యాఖ్యలది వేరే ఫీడు, దాన్ని అడగం. రేపు రాత్రికి మొదటి ప్రతి మీకు మెయిల్‌లో పంపుతాను, అధ్యాయాల వరస చూసి చెప్పండి.


బీటెక్_మూడోఏడు:

ఈపబ్‌చెక్ పెట్టుకున్నానన్నా. ఆ ప్రతి నాకూ పంపిస్తే ఇష్యూలు రాయడం మొదలుపెడతాను.


గోదారిగట్టు:

పంపండి బాబూ, ఆ అబ్బాయికీ పంపండి.